శ్రీశైలం రోడ్డు: రాత్రి 9కే గేటు వేయడం సబబేనా?

ఘాట్_రోడ్డు
తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తా. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే 765వ నంబరు జాతీయ రహదారి డిండి, హాజీపూర్ దాటి మన్ననూరు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి దిగుతుంది. అక్కడి నుంచి వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా డ్యాం దాకా అడవే. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు గేటు మూస్తారు, అత్యవసరమైతే తప్ప వదలరు.

నా వాదన ఒక్కటే. కర్ణాటకలోని బందీపూర్ పులుల అడవిని చూపించి మన రోడ్డు మూయడం తప్పు. అక్కడ 2009 నుంచి రాత్రి 9–6 నిషేధం ఉంది, నిజమే. కానీ మైసూరు నుంచి వయనాడు పోవాలంటే హుణసూరు, గోణికొప్ప, కుట్ట మీదుగా ఇంకో రోడ్డుంది. శ్రీశైలానికి ఏముంది? దోర్నాల వైపు నుంచి వచ్చినా గేటే, కర్నూలు–ఆత్మకూరు నుంచి వచ్చినా గేటే. రాత్రి 9 తర్వాత శ్రీశైలం ఒక దీవి. కనీసం 11 దాకా తెరవాలి. ఏమంటారు?

పొద్దుగాల్ల
సాయంత్రం 4కి బయల్దేరితే ఏ గేటూ అడ్డం రాదు. అంతే.

కణితికొమ్ము
ఘాట్_రోడ్డు గారూ, బందీపూర్ పోలిక మీరే తెచ్చి మీరే కింద పడేసుకున్నారు. వయనాడు పోయేవాడు అడవి దాటి అవతలికి పోవాలి. శ్రీశైలం పోయేవాడు అక్కడికే పోతాడు, ఉంటాడు, తిరిగొస్తాడు. దీవి అంటున్నారు, దీవికి ఆఖరి పడవ ఎన్నింటికో చూసుకునే కదా ఎవరైనా బయల్దేరేది? అడవి దాటి మార్కాపురం వైపు పోయేవాళ్ళకు సాగర్, మాచర్ల రోడ్డు ఉండనే ఉంది.

ఇక రాత్రి ఎందుకు మూయాలంటే, గుద్దుకుని చచ్చే జంతువుల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. గుద్దకపోయినా రోడ్డు గోడ అవుతుంది. అనుకుందాం, 9 గంటల రాత్రిలో 1000 బండ్లు పోతాయని. గంటకు 111, అంటే ప్రతి 32 సెకన్లకు ఒకటి. 12 చుక్కల దుప్పుల మంద పొదలోంచి తల పెట్టి, చెవులు రిక్కించి, ముందుది దాటి, మిగతావి వెంటపడి దాటడానికి ఒక నిమిషం పైనే కావాలి. ఆ నిమిషం వాటికి దొరకడమే కష్టం. ఎండాకాలంలో కుంట ఒకవైపు, మేత ఇంకోవైపు అయితే వాటి గతేంటి?

మల్లన్న_దాసుడు
శివరాత్రి బ్రహ్మోత్సవాలకి 24 గంటలూ గేట్లు తీసే ఉంచుతారు కదండీ. అప్పుడు పులులు సెలవు పెట్టి ఊరెళ్తాయా? ఆ కొద్ది రోజులు ఏమీ కానిది మిగతా రోజుల్లో రెండు గంటలు తీస్తే ఏమవుతుంది?

కణితికొమ్ము
ఏమీ కాలేదని ఎవరు చెప్పారు? ఏడాదిలో కొద్ది రోజులు జాతర కోసం భరిస్తున్నారు. పెళ్ళిరోజు ఇంటి తలుపులు తీసి పెట్టామని రోజూ తీసే ఉంచం కదా. పైగా ఆ రోజుల్లో బండి వెనక బండి, 20 దాటి పోయే వీలే ఉండదు. మామూలు రాత్రి ఖాళీ రోడ్డు మీద మీరు 20లో పోతారా?

మైలురాయి
వేగం మాట వచ్చింది కాబట్టి లెక్క పెడుతున్నా. పొడి రోడ్డు, బాగున్న టైర్లు, డ్రైవర్ తేరుకోవడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే, కంటపడ్డ క్షణం నుంచి బండి ఆగే దాకా పోయే దూరం:

40 వేగంలో దాదాపు 26 మీటర్లు.
60లో 45 మీటర్లు.
80లో 69 మీటర్లు.

డిమ్ లైటులో స్పష్టంగా కనిపించేది 40–50 మీటర్లే. అంటే 60 దాటితే మీ లైటు చూపించేదానికంటే ముందుకు పోయి ఆగుతారు. హై బీమ్ వేస్తే దూరం కనిపిస్తుంది, కానీ దుప్పి కళ్ళలో ఆ వెలుగు పడితే కదలకుండా నిలబడిపోతుంది. ఎలుగుబంటి ఇంకా కష్టం. ఒళ్ళంతా నలుపు, తల మనవైపు తిప్పకపోతే కంటి మెరుపు కూడా రాదు. రోడ్డు మీద నీడ అనుకుంటారు.

ఇది కొత్త డ్రైవర్లకు: ముందు ఒక దుప్పి దాటగానే 'పోయిందిలే' అని యాక్సిలరేటర్ తొక్కడమే ఎక్కువసార్లు కొంప ముంచేది. ఒకటి దాటిందంటే వెనక ఇంకా ఉన్నాయని అర్థం. బ్రేకు వేసి, లైటు డిమ్ చేసి, హారన్ కొట్టకుండా ఆగండి. స్టీరింగు పక్కకు కోసేయడం అన్నిటికంటే ప్రమాదం. మలుపులో చెట్టుకో, లోయకో పోతారు.

ఘాట్_రోడ్డు
మైలురాయి గారూ, మంచి లెక్క. కానీ దీన్నిబట్టి నియంత్రించాల్సింది వేగాన్ని, గడియారాన్ని కాదు. 8 గంటలకీ చీకటే, 10 గంటలకీ చీకటే. చీకట్లో 40లో పోతే తప్పులేనప్పుడు 9 అనే అంకెకి ఏంటి పవిత్రత?

ఇంకోటి ఎవరూ మాట్లాడట్లేదు. గేటు 9కి పడుతుందని తెలిసి జనం ఏం చేస్తారు? 7.45కి డ్యాం దగ్గర నుంచి ఎక్కినవాడు 9లోపు మన్ననూరు దాటాలని 80, 90 తొక్కుతాడు. అంటే గేటే రేసు పెడుతోంది. అదీ ఏ వేళలో? పొద్దుగూకిన తర్వాత రెండు గంటలు, జంతువులు నీళ్ళకు కదిలే వేళ.

డీసీఎం_డ్రైవర్
ఇది మాత్రం నిజం అన్నా. రాత్రి ఎనిమిదిన్నర అప్పుడు ఎదురొచ్చే కార్లు చూస్తే మనమే పక్కకి దిగాలి. పొద్దున 6 గంటలది ఇంకో కథ. గేటు తీయగానే వరసలో ఉన్న 50, 60 బండ్లు ఒక్కసారి వదిలిన ఎడ్ల లెక్క ఉరుకుతయ్. జనవరిలో ఆరింటికి తెల్లారదు కూడా.

కణితికొమ్ము
డీసీఎం అన్న మాట దగ్గర ఒక్క నిమిషం. జనవరిలో ఈ ప్రాంతంలో సూర్యోదయం 6.45 ప్రాంతంలో. 6కి గేటు తీస్తే ముప్పావుగంట చీకట్లో, అదీ అన్నిటికంటే రద్దీగా వదులుతున్నట్టు. జూన్‌లో అదే 6కి బాగా వెలుగుంటుంది. కాబట్టి ఘాట్_రోడ్డు గారన్నట్టు 9–6 అంకెలకు పవిత్రత లేదు, ఒప్పుకుంటా. నన్నడిగితే చలికాలంలో గేటు 6.45కి తీయాలి, రాత్రి 8కే వేయాలి.

ఘాట్_రోడ్డు
పెంచమంటే తగ్గిస్తానంటారా! బాగుంది బేరం.

మల్లన్న_దాసుడు
😂 అయ్యవారిని చెయ్యబోతే కోతి అయింది.

మైలురాయి
రేసు సమస్యకు మన దగ్గరే మందు ఉంది. తిరుమల ఘాట్లో ఏం చేస్తారు? టోల్ దగ్గర టైము వేసిన చీటీ. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. అంతకంటే ముందే చేరితే జరిమానా. కెమెరా అక్కర్లేదు, మధ్యలో పోలీసు అక్కర్లేదు.

ఇక్కడ మన్ననూరు నుంచి దోమలపెంట దాకా లెక్క సులువు కోసం 60 కిలోమీటర్లు అనుకుందాం. 40 వేగంలో 90 నిమిషాలు. చీటీ మీద ప్రవేశం 6.10 అని ఉంటే 7.40 కంటే ముందు అవతలి గేటు దాటినవాడు మధ్యలో తొక్కాడని లెక్క. 70లో పోతే 51 నిమిషాల్లో వచ్చేస్తాడు, దాచుకోలేడు. దీంతోపాటు 9కి లోపలున్నవాడిని ఆపడం కాదు, లోపలికి వదిలే ఆఖరి వేళ పెట్టాలి. రోడ్డు 9కి ఖాళీ అవ్వాలంటే ఆఖరి ప్రవేశం 7.30. అప్పుడు లోపల ఉన్నవాడికి తొక్కాల్సిన అవసరమే ఉండదు.

ఒక చిక్కు ఉంది. అడవిలో చాలా మేర ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి రెండు గేట్ల మధ్య కంప్యూటర్ కలపడం మీద ఆధారపడకూడదు. కాగితం చీటీ, బండి నంబరు, టైము, చాలు. రెండు గేట్ల గడియారాలు ఒకే టైము చూపించాలి, లేకపోతే ప్రతి బండితో పంచాయితీయే. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గరో, మల్లెలతీర్థంలోనో ఆగినవాడికి ఆలస్యమైతే ఇబ్బంది లేదు. ముందు వస్తేనే తప్పు.

కాఫీ_బ్రేక్
ఇదంతా దేనికి? మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా ఎత్తైన వంతెన రోడ్డు వేసే ప్రతిపాదన ఉందిగా. పైన కార్లు, కింద పులులు. సమస్య ఖతం.

కణితికొమ్ము
ఏడు వేల కోట్ల పైచిలుకు అంచనా ఉన్న దాన్ని 'ఖతం' అని ఒక్క మాటలో కట్టేశారు. అందరూ చెప్పే ఉదాహరణ మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులోని పెంచ్ పులుల అడవి. 44వ నంబరు రహదారి మీద జంతువుల కోసం 9 చోట్ల దారులు వదిలారు, అన్నిటికంటే పొడవైంది 750 మీటర్లు. పులులు కూడా వాడుతున్నాయి, కెమెరాల్లో పడ్డాయి. బాగుంది, నేను కాదనను. కానీ అది చాలావరకు చదును నేల, ముందే ఉన్న రోడ్డును నాలుగు లైన్లకు పెంచినప్పుడు చేసిన పని. ఇక్కడ లోయ మీద లోయ. పదుల కిలోమీటర్ల పొడవునా స్తంభాలు పాతడానికి క్రేన్లు, కంకర, సిమెంటు బండ్లు ఏ దారిన వస్తాయి? ఇదే రోడ్డు మీద, ఏళ్ళ తరబడి, రాత్రీ పగలూ.

అంత పెద్ద వంతెన అక్కర్లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. వాగు దాటే చోట ఉన్న తూములు చూడండి. చాలా చోట్ల గుండ్రటి సిమెంటు పైపులే. నీళ్ళు పోతాయి, దుప్పి పోదు. ఎందుకంటే అవతలి వెలుగు కనిపించని కన్నంలోకి మేత జంతువు దిగదు. తూము ఎంత తెరిపిగా ఉందో చూసే లెక్క ఇది: వెడల్పును ఎత్తుతో హెచ్చించి పొడవుతో భాగించాలి. 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల పొడవైతే 0.33. దుప్పికి అది గుహే. అదే పొడవుకు 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు ఉంటే 2.7. అది దారి. వాగు పక్కన అర మీటరు పొడి గట్టు కూడా వదలాలి, వానాకాలంలో నీళ్ళలో దిగకుండా నడిచేందుకు.

డీసీఎం_డ్రైవర్
తూములు సరే, రోడ్డు పక్కన పొద కొట్టుడు సంగతి? అటు ఇటు శుభ్రంగా కొట్టి పెడితే జంతువు ముందే కనిపిస్తది.

కణితికొమ్ము
కనిపిస్తుంది, నిజమే. ఎండాకాలం మంటలు దాటకుండా ఫైర్‌లైనుగానూ పనికొస్తుంది. నల్లమలలో ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది, కారులోంచి విసిరిన సిగరెట్ ముక్క చాలు. కానీ కొట్టిన చోట తొలి వానకి లేత గడ్డి మొలుస్తుంది. అడవి లోపల లేని మేత రోడ్డు అంచున దొరికితే దుప్పులు అక్కడికే వస్తాయి. కొట్టాలి, మళ్ళీ మళ్ళీ కొడుతూనే ఉండాలి. ఒకసారి కొట్టి వదిలేస్తే వలలో గింజలు చల్లినట్టే. కోతులకు బిస్కెట్లు విసిరేది కూడా ఇదే కోవ.

ఘాట్_రోడ్డు
చూశారా, మీకు ఏ పరిష్కారమైనా తప్పే. వంతెన వద్దు. గేటు తెరవొద్దు. పొద కొట్టినా ముప్పే. మరి జనం ఏం చేయాలి? హైదరాబాద్‌లో శుక్రవారం ఆఫీసు 6కి వదిలితే 130 కిలోమీటర్లు దాటి 9కి మన్ననూరు చేరడం తుక్కుగూడ ట్రాఫిక్‌లో ఎవరి వల్ల అవుతుంది? 9.05కి చేరినవాడు కారులో పిల్లల్ని పడుకోబెట్టుకుని తెల్లవార్లూ కూర్చోవాలి. ఏసీ గదిలో కూర్చుని దుప్పి నిమిషాలు లెక్కపెట్టేవాళ్ళకి ఇవి తెలియవు.

కణితికొమ్ము
ఏసీ గది ఎవరిదో నీకు తెలుసా? నీ వీకెండ్ ఆలస్యమైందని అడవి టైము మార్చుకోవాలా? శనివారం పొద్దున పో. స్వామి ఎక్కడికీ పోడు.

మల్లన్న_దాసుడు
కణితికొమ్ము గారూ, ఆ మాట కొంచెం చూసుకుని. కారున్నవాళ్ళే భక్తులు కారు. శ్రీశైలంలో సెలవు రోజుల్లో సత్రం దొరకదు, గది దొరికితే ధర దొరకదు. కూలీ చేసుకునే కుటుంబం పొద్దున వచ్చి, దర్శనం చేసుకుని, రాత్రికి ఇల్లు చేరుదామనుకుంటుంది. క్యూలో సాయంత్రం 7 అయితే వాళ్ళు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? నేను గేటు తెరవమంటున్నది వాళ్ళ కోసం.

వేదిక నిర్వాహకుడు
ఏకవచనాలు, 'ఏసీ గది' మాటలు ఆపండి. విషయం మీద రాయండి.

కణితికొమ్ము
సరే, తప్పే. ఘాట్_రోడ్డు గారూ, క్షమించండి.

అసలు మాట చెప్తా. 9 కాకపోతే 9.30 అయినా కొంపలు మునగవు, నాకూ తెలుసు. నా భయం వేరు. ఈరోజు 11 దాకా తెరుస్తాం. రేపు రాత్రి బండ్లు పెరిగాయి కాబట్టి ఈ రెండు లైన్లు చాలవంటారు. ఎల్లుండి వెడల్పు చేస్తారు, వేగం పెరుగుతుంది, అప్పుడు ప్రమాదాలు ఎక్కువయ్యాయి కాబట్టి వంతెన అంటారు. రాత్రి గేటు మూసి ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. ఆ వేళ లోపల కనిపించిన ప్రతి బండినీ ఆపి అడగొచ్చు. వేటగాడైనా, కలప దొంగైనా మామూలు బండ్ల గుంపులో కలిసిపోలేడు. గేటు ఒక్కసారి సడలిస్తే మళ్ళీ బిగించడం మన దేశంలో ఎక్కడ చూశారు?

ఘాట్_రోడ్డు
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నాకూ వెడల్పు రోడ్డు అక్కర్లేదు. డ్యాం దగ్గర మలుపుల్లో 90లో పోయే రోడ్డు వేస్తే అడవి సంగతి తర్వాత, మనుషులే పోతారు. నేనడిగేది వేళలో సడలింపు. మీరు వినేది నాలుగు లైన్లు.

అమ్రాబాద్_పొలాలు
ఇప్పటిదాంక చదివిన. పట్నపోళ్ళు ఎప్పుడు పోవాలె, దుప్పులు ఎప్పుడు దాటాలె, దర్శనం ఎప్పుడు దొరకాలె. ఇంత రాసిండ్రు గని అడవిల మనుషులు ఉన్నరని ఒక్కలూ రాయలే. వటవర్లపల్లి ఉన్నది, పెంటలు ఉన్నయి, అంటే చెంచుల గూడేలు. మన్ననూరు దాటి లోపలికి పోయేటోళ్ళందరూ టూరిస్టులేనా?

సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊర్లోళ్ళను పులికి ఇబ్బంది అయితదని బయటికి పొమ్మంటున్నరు. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. జిగురు, తేనె తెచ్చుకునే మనిషి నడకతోని పులికి ఇబ్బంది అయితదంట. పొద్దుమూకులు పోయే కార్లతోని కాదంట. గీ రెండు మాటలు ఒక్క నోట్లకెల్లి ఎట్లొస్తయో కణితికొమ్ము సారు చెప్పాలె.

కణితికొమ్ము
ఈ ప్రశ్నకు నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. ఊరు వదలడం స్వచ్ఛందమని కాగితం మీద ఉంది. రోడ్డు మీద పగటి బండ్లకు ఏ పరిమితీ లేదు, అదీ నిజమే. కోర్ (అడవి నడిబొడ్డు) లోపల నడిచే మనిషినీ, కోర్ మధ్య నుంచి పోయే కారునూ వేరే వేరే తూకాలతో తూచడం తప్పు. పగటి బండ్లకూ రోజుకు ఇన్ని అని లెక్క పెట్టాలని నేనంటే ఇక్కడ మళ్ళీ యుద్ధమే.

మల్లన్న_దాసుడు
అంటారా? అయితే యుద్ధమే 🙂

పొద్దుగాల్ల
సోమవారం పోతున్నాం, మారుతి ఆల్టో. డ్యాం దిగుడు గురించి ఎవరైనా చెప్పండి, తర్వాత కొట్టుకోండి.

డీసీఎం_డ్రైవర్
ఈగలపెంట దాటినంక దిగుడు. రెండో గేర్ల పెట్టుకో, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకు. తొక్కు, వదులు, తొక్కు, వదులు. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి పావుగంట చల్లారనియ్యి, చక్రాల మీద నీళ్ళు మాత్రం కొట్టకు, డిస్కు వంగుతది. ఎక్కే బండికి దారి ఇయ్యి. బస్సు వస్తుంటే మలుపు మధ్యలకు పోకు, దానికి రోడ్డంతా కావాలె. డ్యాం గేట్లు ఎత్తినరంటే సెల్ఫీ బండ్లు రోడ్డు మీదనే ఆపుతరు, గంట ఎక్కువ పెట్టుకో. పెట్రోలు మన్ననూరు రాకముందే నింపుకో. గట్టి వాన పడితే డ్యాం దగ్గర కొండ అంచున బండి ఆపకు, రాళ్ళు జారుతయ్.

మైలురాయి
నా చీటీ మీద ఎవరూ తేల్చలేదు. ఒప్పుకుంటారా లేదా?

ఘాట్_రోడ్డు
చీటీ ఓకే. ఆఖరి ప్రవేశం 8.30, రోడ్డు 10కి ఖాళీ.

కణితికొమ్ము
చీటీ ఓకే. ఆఖరి ప్రవేశం 7.30. దాని మీద దిగను.

అమ్రాబాద్_పొలాలు
7.30కి గేటేస్తే, అచ్చంపేట దవాఖానకు పోయి లేటైన వటవర్లపల్లోళ్ళు మన్ననూర్ల పండాల్నా? ముందు గా సంగతి తేల్చుండ్రి. చీటీల మీద ఊరోళ్ళకు వేరే రంగు పెడతరా, లేదా?